డెబ్బయ్యో పావురం

కంప్యూటర్ల గురించి ఎవరూ అడక్కపోయినా నా అభిప్రాయం చెబుతాను. పన్నెండేళ్లుగా చెబుతూనే ఉన్నాను. పొద్దున పూట భూముల సర్వే ఆఫీసులో గుమాస్తాని. సాయంత్రమైతే మా నగరం అమ్మాన్‌లో ఉన్న కంప్యూటర్ పిచ్చోళ్లంతా చేరిన ఒక గ్రూపులో పెద్దమనిషిని. నాలుగు వేల మందిమి ఉన్నాం అందులో. ఈ వస్ఫీ ఏమన్నాడో కనుక్కోకుండా వాళ్లు కొత్త ల్యాప్‌టాప్ వైపు చూడరు. కొత్తది కొనకండి, రెండేళ్ల కిందటిది కొనండి అంటాను. ముందు మెమరీ పెంచండి, ఏడుపు తర్వాత అంటాను. రంగురంగుల దీపాలు తిరిగే ఫ్యాన్లు పెళ్లి హాలుకి బాగుంటాయి, కంప్యూటర్‌కి ఎందుకు? మడతపెట్టే ఫోనుకీ మడతపెట్టే కుర్చీకీ తేడా లేదు, రెండూ మడత దగ్గరే విరుగుతాయి. ఇక ఈ మధ్య ప్రతి పెట్టె మీదా ‘తెలివైనది’ అని ముద్ర కొట్టి అమ్ముతున్నారే, ఆ మాట చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. నిజంగా తెలివున్నదైతే మా ఆఫీసులో ఒక్క పూట కూర్చోబెడితే పారిపోవాలి.

అలాంటి పెట్టె ఒకటి కొన్నాను. తిట్టడానికే కొన్నాను, దాచేదేముంది. అరచేయంత బోర్డు, దానికో కెమెరా కన్ను. ఇంటర్నెట్ అక్కర్లేదట, ఏది చూపిస్తే దాన్ని తనే నేర్చుకుంటుందట. తిట్టాలంటే ముందు పని చెప్పాలి. మా మేడ మీద పావురాలకు మించిన పని ఏముంటుంది?

జబల్ జోఫె కొండవాలున మా ఇల్లు. కింద నేనొక్కణ్ణే ఉంటాను, పెళ్లి చేసుకోలేదు. పైన మా అక్క రుదైనా, బావ నాయిఫ్. ఆ పైన మేడ. మేడ మాత్రం మా ముగ్గురిదీ కాదు, బావగారి డెబ్బై పావురాలది. బావ నిరుడు రంజాన్ దాకా సర్వీస్ టాక్సీ నడిపేవాడు. నడుం నొప్పి అని మానేశాడు. అప్పట్నుంచి పొద్దు పొద్దంతా గూటి దగ్గరే. అక్క టీ తెస్తే గ్లాసు కింద పెట్టదు, ఆయన చేతిలో పెట్టి వేళ్లు దగ్గరికి మూసి మరీ వెళుతుంది. "పాతికేళ్లయినా కొత్త పెళ్లికొడుకు మర్యాదే" అని నేను ఏడిపించేవాణ్ణి. అక్క నవ్వేది కాదు.

మా ఊళ్లో పావురాలవాడి సాక్ష్యం చెల్లదంటారు. ఎదుటివాడి పక్షిని దింపుకుని, నాకు తెలీదని ఒట్టేసే జాతి అట. కోర్టు సంగతి నాకు తెలీదు గానీ వీధిలో మాత్రం చెల్లదు. రెండేళ్ల కిందట బావకీ, అవతలింటి మంగలి అబూ ఖల్దూన్‌కీ ఒక పక్షి దగ్గర మొదలై రాళ్ల దాకా వెళ్లింది. ఆ రాళ్లలో ఒకటి మధ్యలో ఉన్న హాజీ మిత్కాల్ గారి మేడ మీద టీవీ డిష్‌ని పడగొట్టింది. హాజీ గారు వీధికి పెద్ద. ఇద్దర్నీ కూర్చోబెట్టి, రాజీ గుర్తుగా చేదు కాఫీ తాగించి, ఒక షరతు పెట్టారు. ఇద్దరిలో ఎవడు రెండోవాడి పక్షిని పట్టినా, తన గూడు తన చేతుల్తో తనే విప్పెయ్యాలి. ఇద్దరూ తలూపారు. పడిపోయిన డిష్‌ని హాజీ గారు బాగుచేయించుకోలేదు, తీసి పారెయ్యనూ లేదు. గుర్తుండాలని నీళ్ల ట్యాంకుల వెనక పడేశారు.

పెట్టెకి నేర్పడానికి వారం పట్టింది. బావ ఒక్కో పక్షినీ గూట్లోంచి తీసి, కెమెరా ముందు రెక్క విప్పి, పేరు చెప్పేవాడు. మిష్మిష్, ఫిల్ఫిల్, కహ్లా, వరుసగా డెబ్బై పేర్లు. పక్షి వైపు చూసేవాడు కూడా కాదు. వేలు రొమ్ము మీద పెడితే చాలు, పేరు నోటికొచ్చేసేది. ఇలాంటి మనిషికి పెట్టెలెందుకని ఆ వారమంతా నాకు ముచ్చటేసింది.

ఎనిమిదో రోజు సాయంత్రం అసర్ నమాజు అయ్యాక బావ ఈల వేశాడు. డెబ్బై పక్షులూ ఒక్కసారిగా లేచాయి. నేను ల్యాప్‌టాప్ ముందున్నాను. తెర మీద ఆకాశం, ఆకాశంలో పక్షులు, ఒక్కో పక్షి పక్కనా దాని పేరు. గుంపు కొండ వైపు తిరిగితే పేర్లూ తిరిగాయి. ఒకదానివెనక ఒకటి దాక్కుంటే పేరు మాయమైంది, బయటికి రాగానే మళ్లీ అంటుకుంది. గోరంత చిప్పు, దాని కింద వేలితో తాకితే వెచ్చగా ఉందంతే, ఫ్యాను కూడా లేదు. నోరు తెరిచి చూస్తూ కూర్చున్నాను. గ్రూపులో ఎవరైనా నన్ను ఆ స్థితిలో చూసుంటే పన్నెండేళ్ల పరువు పోయేది.

దేవుడి దయవల్ల తప్పు దొరికింది. అరవైతొమ్మిదింటికి పేర్లున్నాయి. ఒకదాని పక్కన ‘తెలియదు’ అని ఉంది. ఫిల్ఫిల్ లేనే లేడు.

"బావా, ఇటు రా. ఈ ఎర్రదాన్ని తెలీదంటోంది."

బావ తెర మీదికి బాగా వంగి చూశాడు. "మిష్మిష్ కదా."

"మిష్మిష్ అదిగో, ఆ పక్కనుంది అంటోంది."

"అదింకేదో అయ్యుంటుంది. నీ రేకు డబ్బాకి ఎర్రగా ఉన్నవన్నీ ఒకటే. నన్ను నమ్ముతావా, దాన్నా?"

"నిన్నే అనుకో. మరి ఫిల్ఫిల్?"

"ఆ చివర వస్తున్నాడుగా. గుడ్డిదేంటి నీ పెట్టె? డెబ్బై లేచాయి, డెబ్బై ఉన్నాయి. ఇంకేం కావాలి బామ్మర్దీ?"

కాసేపటికి పక్షులు దిగాయి. గూటి గుమ్మం దగ్గర లెక్కపెడితే డెబ్బయ్యీ ఉన్నాయి, ఫిల్ఫిల్‌తో సహా. కొత్త పక్షి జాడ లేదు. మర్నాడూ ఇదే. ఆ మర్నాడూ ఇదే. ఆకాశంలో ఒకదాన్ని గుర్తుపట్టదు, ఒకదాన్ని పోగొడుతుంది. గూట్లోకి రాగానే అన్నీ సరిగ్గా చెబుతుంది. పది రోజులు చూశాను. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

పదో రోజు గ్రూపులో రాశాను. ‘కళ్లున్న గుడ్డిది’ అని పేరు పెట్టాను. నలభై ఏళ్ల అనుభవమున్న మా బావ రెప్పపాటులో గుర్తుపట్టే పక్షిని ఈ తెలివైన పెట్టె పది రోజులైనా గుర్తుపట్టలేదనీ, దీనికన్నా మా వీధిలో పిల్లి నయమనీ, దానికైనా పావురమంటే ఏమిటో తెలుసనీ రాశాను. సాక్ష్యంగా ఆ ‘తెలియదు’ పక్షి బొమ్మ పెద్దది చేసి పెట్టాను. ఆరు వందల మంది నవ్వారు. ఆ ఆరు వందల మందిలో అబూ ఖల్దూన్ మేనల్లుడు ఉన్నాడని నాకేం తెలుసు?

అయిదు రోజుల తర్వాత అబూ ఖల్దూన్ మా మెట్లెక్కాడు. భుజం మీద తువ్వాలు అలాగే ఉంది, ఎవరి గడ్డమో సగంలో వదిలేసి వచ్చినట్టున్నాడు.

"వస్ఫీ గారూ, మీరు రాసింది చదివించుకున్నాను. చాలా బాగుంది. బొమ్మ ఇంకా బాగుంది." ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. "తోకలో ఎడంవైపు రెండు తెల్ల ఈకలు. ఇవి మీ మిష్మిష్‌కి ఎప్పుడు మొలిచాయండీ?"

చూశాను. నిజమే, రెండు తెల్ల ఈకలు. ఆ బొమ్మ పెద్దది చేసింది నేనే, చుట్టూ ఎర్ర గీత గీసింది నేనే. ఈకలు మాత్రం చూడలేదు.

"ఇది నా జమ్రా," అన్నాడు. "నెల రోజులైంది కనపడక. డేగ ఎత్తుకెళ్లిందనుకుని ఏడ్చాను కూడా. డేగ అవతలింట్లోనే ఉందని ఇప్పుడు తెలిసింది. రేపు అసర్‌కి హాజీ గారిని తీసుకొస్తా. గూడు విప్పడానికి మీ బావని పట్టకారు వెతికి పెట్టుకోమనండి."

ఆ రాత్రి అక్క నన్ను కడిగి ఆరేసింది. "నీ నోరు ఊరుకోదు కదరా. లోకంలో పుట్టిన ప్రతి వస్తువు మీదా నీ మాట పడాల్సిందే. ఇప్పుడు నీ మాటతోనే ఆయన గూడు కూలుతుంది. ఆ గూడు పోతే ఆయనకి ఇంకేం మిగులుతుందో నీకు తెలుసా?" బావ మాత్రం, "నేను పట్టలేదు బామ్మర్దీ" అన్నాడు ఒక్కసారి. నమ్మాను. కానీ పావురాలవాడి మాట, వాడి బామ్మర్ది నమ్మకం, రెండూ కలిపినా వీధిలో చెల్లవు.

మర్నాడు మేడ మీద కుర్చీలు వేశాం. హాజీ గారు కర్ర ఆనించుకుని కూర్చున్నారు. అబూ ఖల్దూన్ నిలబడే ఉన్నాడు. బావ పట్టకారు నిజంగానే తెచ్చి గూటి పక్కన పెట్టుకున్నాడు. ముందు హాజీ గారు గూట్లో ఒక్కో పక్షినీ స్వయంగా చూశారు. అప్పటికి ఉన్నవాటిలో జమ్రా లేదు.

"దాచేసుంటాడు," అన్నాడు అబూ ఖల్దూన్.

"అల్లా సాక్షిగా…" అని బావ మొదలెట్టాడు.

"అల్లాని ఎందుకయ్యా లాగుతావు, నీ సాక్ష్యం చెల్లదని తెలిసి కూడా," అన్నారు హాజీ గారు, కోపంగా కాదు.

"పెట్టె సాక్ష్యం చెబుతుంది హాజీ," అన్నాను.

"అదెక్కడుంటోంది?"

"ఇక్కడే. ఈ గోడ మీద."

"పావురాల మధ్యనా? అయితే దాని మాటా చెల్లదు." మీసంలో నవ్వుకుని, "సర్లే, చూపించు. చూస్తే పోయేదేముంది," అన్నారు.

బావ ఈల వేశాడు. పక్షులు లేచాయి. అందరూ నా తెర మీద వంగారు. అరవైతొమ్మిది పేర్లు, ఒక ‘తెలియదు’. అబూ ఖల్దూన్ తల ఎత్తి ఆకాశంలోకి చూశాడు. "జమ్రా," అన్నాడు. "బతికే ఉంది. అదిగో హాజీ, మూడో వరసలో."

బావ ఆకాశం వైపే చూస్తున్నాడు. కానీ వేరే వైపు.

"ఉంది," అన్నారు హాజీ గారు నెమ్మదిగా. "నాయిఫ్ గుంపులోనే ఉంది. దిగినప్పుడు మాత్రం ఉండదంటారు. మధ్యలో ఎక్కడికి పోతోంది? నీ పెట్టెకి తెలుసా అబ్బాయ్?"

పదహారు రోజులుగా నేను ఆ పెట్టెని అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. పది రోజులు తప్పు పట్టాను, ఒక రోజు వెక్కిరించాను, మిగతా రోజులు మెచ్చుకోలు చదువుకున్నాను. ఎక్కడికి పోతోందని అడగలేదు. ఇప్పుడు అడిగాను. ‘తెలియదు’ పక్షి చివరగా కనిపించిందెప్పుడు, ఎక్కడ? ఫిల్ఫిల్ మొదట కనిపించిందెప్పుడు, ఎక్కడ?

తెర మీద పదిహేను వరసలు వచ్చాయి. ప్రతి రోజూ దిగే వేళకి ఎర్ర పక్షి ఎడమ మూలనుంచి బయటికి పోయింది. ప్రతి రోజూ రెండు మూడు నిమిషాల్లో అదే మూలనుంచి ఫిల్ఫిల్ లోపలికొచ్చాడు. ఒక్క రోజూ తప్పలేదు. ఆకాశంలో వాడు లేడు, గూట్లో అది లేదు. ఒకటి తగ్గి ఒకటి కలిసి, లెక్క డెబ్బయ్యే.

ఇది చూడమని దానికెవరూ చెప్పలేదు. నేను నిద్రపోయాను, ఆఫీసుకెళ్లాను, నలుగురిలో దాన్ని తిట్టాను. అది గోడ మీద కూర్చుని చూస్తూనే ఉంది, తెలిసింది తెలుసనీ తెలియంది తెలియదనీ రాసుకుంటూనే ఉంది. నా జన్మలో ఒక్కసారైనా ‘తెలియదు’ అని రాశానా?

"ఆ మూల ఎవరిది?" అన్నాను.

అందరూ తిరిగారు. హాజీ గారి నీళ్ల ట్యాంకులు.

రెండు మేడల మధ్యా పిట్టగోడ మోకాలెత్తు కూడా ఉండదు. దాటి వెళ్లాం. మంగళవారం, నీళ్లొచ్చే రోజు, ట్యాంకులు నిండి పొర్లి కింద తడితడిగా ఉంది. వాటి వెనక, రెండేళ్ల కిందటి రాయి దెబ్బకి సొట్టపడిన డిష్ వెల్లకిలా పడి ఉంది. అందులో పుల్లలు, వైరు ముక్కలు, ఎవరి చీపురుదో ఈనెలు. వాటి మీద ఫిల్ఫిల్ కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి మెడ ఉబ్బించాడు గానీ లేవలేదు.

రెక్కల చప్పుడైంది. జమ్రా ట్యాంకు మీద వాలి, మా నలుగురినీ ఒకసారి చూసి, మేం మనుషులమే కానట్టు మధ్యలోంచి దిగి డిష్ అంచున నిలబడింది. ఫిల్ఫిల్ లేచి పక్కకి జరిగాడు. అడుగున ఒక గుడ్డు, దాని పక్కన పసుపు నూగుతో వేలెడంత పిల్ల, ఇంకా కళ్లు తెరవలేదు. గుడ్డు మీద సన్నటి బీట. ఆ బీట దగ్గర ఏదో కదులుతోంది. జమ్రా వాటి మీద సర్దుకుని కూర్చుంది. ఫిల్ఫిల్ ఎగిరి మా గూటి వైపు వెళ్లిపోయాడు, తన డ్యూటీ అయిపోయిన మనిషిలా.

హాజీ గారు కర్ర కూడా చప్పుడు కానివ్వకుండా పట్టుకున్నారు.

"మరి ఎవరు పట్టారంటారు హాజీ?" అన్నాడు చివరికి అబూ ఖల్దూన్. కోపం ఎక్కడ పెట్టాడో వాడికే గుర్తులేనట్టుంది.

"నా డిష్ పట్టింది," అన్నారు హాజీ గారు. "షరతు ప్రకారం నా గూడు నేనే విప్పాలి. పిల్లలు ఎగిరేదాకా మాత్రం విప్పను. ఎగిరాక ఒకటి నీది, ఒకటి నాయిఫ్‌ది. జమ్రా ఎవరిదో జమ్రానే తేల్చుకుంటుంది."

అబూ ఖల్దూన్ బావని కావలించుకుని రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకున్నాడు. ఇవాళ కూడా ఎవరి గడ్డమో సగంలో వదిలేసి వచ్చాడు కాబోలు, గబగబా దిగి వెళ్లిపోయాడు.

మేం వెనక్కి వస్తుంటే బావ పిట్టగోడ దగ్గర ఆగాడు. పాదంతో గోడ కోసం తడిమాడు. రోజూ దాటే గోడ. ఒకసారి తడిమి, అందక, ఇంకోసారి తడిమాడు. నేను చెయ్యి పట్టుకున్నాను.

మిష్మిష్ కదా అన్న మాట గుర్తొచ్చింది. ఆ చివర వస్తున్నాడుగా అన్న మాట గుర్తొచ్చింది. పక్షుల వైపు చూడకుండా వేలితో తడిమి పేర్లు చెప్పడం గుర్తొచ్చింది. నడుం నొప్పి గుర్తొచ్చింది.

"ఎప్పట్నుంచి బావా?"

"నిరుడు రంజాన్‌నుంచి." గోడ మీద కూర్చున్నాడు. "చేతిలో ఉంటే తెలుస్తాయి. ఎగిరితే మసక, అంతే. గుంపు గుంపుగా తెలుస్తుంది, ఎవరెవరో తెలీదు. నువ్వా పెట్టె పెట్టినప్పుడు భయమేసింది, బామ్మర్దీ. నాకు కనపడట్లేదని అది చెప్పేస్తుందేమోనని. నిజంగానే మొదటి రోజే చెప్పేసింది. నువ్వు నన్ను నమ్మి దాన్ని తిట్టావు."

"డాక్టరు?"

"చూపిస్తే ఏమంటాడోనని చూపించలేదు. అసలే మాట చెల్లని వాణ్ణి. కళ్లు కూడా చెల్లవంటే నేనింక ఎవర్ని? మీ అక్కకి చెప్పకు."

సాయంత్రం గ్రూపులో రాశాను. పెట్టె తప్పు చెప్పలేదనీ, తప్పు నాదనీ, నేను మాట్లాడినదానికి సిగ్గుపడుతున్నాననీ రాశాను. అయిదే ముక్కలు, నా జన్మకి అంత చిన్న పోస్టు రాయలేదు. ఎవరూ నవ్వలేదు. బావ సంగతి రాయలేదు.

మర్నాడు అసర్ తర్వాత బావ ఈల వేసి నా పక్కన కూర్చున్నాడు. "చదువు," అన్నాడు.

"ఏం చదవను?"

"పేర్లు. దిగుతుంటే ఒక్కొక్కటీ చదువు."

చదివాను. కహ్లా. మిష్మిష్. ఒక్కో పేరుకీ ఆయన తల చిన్నగా ఊగింది, చాలా కాలానికి ఇంటికొచ్చిన వాళ్లని పలకరిస్తున్నట్టు. అన్నీ దిగాక రెండు నిమిషాలు ఖాళీ. అప్పుడు తెర మీద ఇంకా ఏమీ రాకముందే బావ చెయ్యెత్తాడు. "ఫిల్ఫిల్," అన్నాడు. "ఎడమ రెక్క కొంచెం కొట్టుకుంటుంది వాడిది, విను." ఆ మాట అయ్యాక తెర మీద పేరొచ్చింది. పెట్టె కన్నా ముందు.

అక్క టీ తెచ్చింది. నా గ్లాసు గోడ మీద పెట్టింది. బావ గ్లాసు ఆయన చేతిలో పెట్టి, వేళ్లు దగ్గరికి మూసింది. నేను అక్క వంక చూశాను. ఎన్నాళ్లుగానో నేను ఏడిపిస్తూ వచ్చింది దీన్నే.

"రేపు గురువారం పొద్దున కంటి ఆసుపత్రికి వెళ్లాలి," అంది, ఇద్దర్లో ఎవర్నీ చూడకుండా. "మూడు నెలల కిందటే పేరు రాయించాను. నేనొక్కదాన్నీ రమ్మంటే ఈయన రాడు. నువ్వూ రా."

బావ అక్క గొంతు వైపు ముఖం తిప్పాడు. "నీకు తెలుసా?" అన్నాడు.

అక్క ఆయన భుజం మీద పడిన ఈక తీసేసి మెట్లు దిగింది.